ఇనుప దవడ

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వుకున్నాను, రెండోసారి చిరాకుపడ్డాను, మూడోసారి కలం తీశాను. ఆ కొత్త హెవీవెయిట్ బాక్సర్ గురించి మురిసిపోతూ, "అతనిది ఇనుప దవడ, ఎన్ని తగిలినా చెక్కుచెదరడు" అని రాశావు చూడు, ఆ ఒక్క మాట దగ్గరే నీతో నాకు పేచీ. ఆ మాట నేనూ వందసార్లు అని ఉంటాను. కాబట్టి ఈ పోట్లాట సగం నాతో నాకే అనుకో.

దవడ ఇనుముదే కావచ్చు. పైనున్న మెదడు మాత్రం ద్రవంలో తేలే మెత్తటి ముద్ద. గడ్డం మీద పక్కనుంచి గుద్దు పడితే తల గిరుక్కున తిరుగుతుంది, లోపల మెదడు ఒక క్షణం ఆలస్యంగా కదులుతుంది. ఆ మెలికలో సన్నటి నరాల తంతువులు సాగుతాయి, కొన్ని తెగుతాయి. మనం నాకౌట్లనే లెక్కపెడతాం కదా. పడిపోయి లేవనివాడికి ఆ రాత్రికి దెబ్బలు ఆగిపోతాయి. పడనివాడికి ఇంకా ఏడు రౌండ్లు మిగిలే ఉంటాయి. ఇక స్పారింగ్‌లో, అంటే సాధన కోసం ఆడే పోటీల్లో, తగిలేవాటికి లెక్కే లేదు. న్యూజెర్సీ వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ ఇలా గుద్దులకు మెదడు పాడయ్యే జబ్బు గురించి 1928లోనే రాశాడు. తాగకుండానే తూలే బాక్సర్లను రింగు చుట్టూ ఉండేవాళ్లు అప్పటికే 'పంచ్ డ్రంక్' (గుద్దుల మత్తు ఎక్కినవాడు) అని వెక్కిరించేవాళ్లు. వెక్కిరింత ముందు పుట్టింది, వైద్యం తర్వాత వచ్చింది.

పాత హెవీవెయిట్ ఛాంపియన్ ఫ్లాయిడ్ ప్యాటర్సన్ నీకు ఇష్టమైనవాడు. 1959లో ఇంగెమార్ జోహాన్సన్ చేతిలో ఒకే రౌండులో ఏడుసార్లు పడ్డాడు, పడిన ప్రతిసారీ లేవబోయాడు. "అందరికంటే ఎక్కువసార్లు లేచినవాడు" అని నువ్వు గొప్పగా చెప్పేవాడివి. 1998 నాటికి అతను న్యూయార్క్ రాష్ట్ర అథ్లెటిక్ కమిషన్ అధ్యక్షుడు. ఒక కేసులో వాంగ్మూలం ఇస్తుండగా, 1956లో తను ఎవరిని ఓడించి ఛాంపియన్ అయ్యాడో గుర్తురాలేదు. ఆర్చీ మూర్ పేరు, రఘూ! ఇరవై ఒక్క ఏళ్ల వయసులో తన జీవితాన్నే మార్చిన పేరు. ఆ పదవికి రాజీనామా చేశాడు. ఎవరు రింగులోకి దిగవచ్చో, ఎవరు దిగకూడదో చూడవలసిన సంస్థకు పెద్ద అతను. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

జెర్రీ క్వారీ కథ ఇంకా ఘోరం. ముహమ్మద్ అలీతో రెండుసార్లు, జో ఫ్రేజర్‌తో రెండుసార్లు తలపడ్డ హెవీవెయిట్. 1983లో ఒక పత్రిక చేయించిన పరీక్షల్లో మెదడు దెబ్బతిన్న ఆనవాళ్లు బయటపడ్డాయి. అయినా ఆ ఏడాదే మళ్లీ పోటీలకు దిగాడు. ఆ తర్వాత 1992లో, 47 ఏళ్ల వయసులో, లైసెన్సు అడగని కొలరాడోకు వెళ్లి ఆరు రౌండ్లు దెబ్బలు తిన్నాడు. చేతికొచ్చింది దాదాపు వెయ్యి డాలర్లు. చివరికి బట్టలు తొడగడానికి కూడా ఇంట్లోవాళ్లే దిక్కయ్యారు. 1999లో 53 ఏళ్లకే పోయాడు. తమ్ముడు మైక్ కూడా బాక్సరే, అతనిదీ అదే జబ్బు, అతను బతికింది 55 ఏళ్లు. ఆ ఇంట్లో ఇనుప దవడలకు కొదవ లేదు.

అలీ మాట ఎత్తకపోతే నువ్వు ఊరుకోవు. 1977లో ఎర్నీ షేవర్స్‌తో పోటీ తర్వాత అతని వైద్యుడు ఫెర్డీ పాచెకో ఇక చాలించమన్నాడు, వినకపోతే తనే తప్పుకున్నాడు. 1980లో లారీ హోమ్స్‌తో జరిగిన పోటీ నీ దగ్గర ఉంది కదా, చూశావా? నేను పూర్తిగా చూడలేకపోయాను. హోమ్స్ ఒకప్పుడు అలీకి స్పారింగ్ భాగస్వామి. గెలిచి ఏడ్చాడు. పదో రౌండు తర్వాత అలీ ట్రైనర్ ఏంజెలో డండీ పోటీ ఆపించాడు. అయినా మరుసటి ఏడాది బహామాస్‌లో ట్రెవర్ బెర్బిక్ అనే బాక్సర్‌తో ఇంకో పది రౌండ్లు! 1984లో పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) అని తేలింది, అప్పటికి అలీకి 42 ఏళ్లు. అది గుద్దుల వల్లేనా అని వైద్యులు ఇప్పటికీ వాదించుకుంటారు. నేను తీర్పు చెప్పను. కానీ ఆ చివరి రెండు పోటీలు అక్కర్లేదని చెప్పడానికి వైద్యం చదవనక్కర్లేదు.

"మరి జార్జ్ ఫోర్‌మన్?" అంటావు, నాకు తెలుసు. నిజమే. 45 ఏళ్లకు మళ్లీ ఛాంపియన్ అయ్యాడు, 76 ఏళ్లు బతికాడు, మాటలో తడబాటు లేదు. హోమ్స్ 52 ఏళ్ల దాకా ఆడాడు. ఎవరి తల తట్టుకుంటుందో, ఎవరిది తట్టుకోదో ముందే చెప్పే పరీక్ష లేదు. గుద్దుల వల్ల మెదడులో పేరుకునే టౌ ప్రోటీన్‌ను చూసి జబ్బును ఖాయంగా తేల్చేది మనిషి పోయాకే. పైగా హెవీవెయిట్లకు బరువు తగ్గించుకునే బాధ లేదు, అందుకే నలభై దాటినా ఎవరో ఒకరు మళ్లీ రింగులోకి పిలుస్తూనే ఉంటారు. ఫోర్‌మన్‌ను చూపించి పిలుస్తారు, క్వారీని చూపించి పిలవరు.

ఇంతా రాసి బాక్సింగ్ చూడడం మానేస్తానా అంటే, మానను. సిగ్గు లేదని అనుకో. వచ్చే పోటీకి నీ పక్కనే కూర్చుంటాను. ఒక్క షరతు. 1975లో మనీలాలో అలీతో పోటీలో పద్నాలుగో రౌండు తర్వాత, చూపు సరిగా ఆనని ఫ్రేజర్ ఆడతానని మొత్తుకుంటున్నా, అతని ట్రైనర్ ఎడ్డీ ఫచ్ పోటీ ఆపేశాడు. మిగిలింది మూడు నిమిషాలే. ఈసారి అలా ఏ ట్రైనరైనా తన మనిషిని ఆపితే నువ్వు తిట్టకూడదు. కిందటిసారి తిట్టావు. నేను నీకంటే గట్టిగా తిట్టాను.

నీ
మూర్తి