మా అమ్మమ్మ మాట మళ్ళీ వినిపించినవాళ్ళకి

ఈ పోస్టు రాద్దామని మూడు వారాలుగా అనుకుంటున్నాను. మొదలుపెట్టడం, కళ్ళు నిండడం, ఫోన్ పక్కన పెట్టేయడం. నిన్న అమ్మమ్మే అడిగింది, "ఆ చెవుల డాక్టరమ్మకి చెప్పావా? కింద ఇంటావిడకి చెప్పావా?" అని. అందుకే ఈ రోజు రాసేస్తున్నాను.

మా అమ్మమ్మకి 76 ఏళ్ళు. విజయవాడలో మామయ్య వాళ్ళింట్లో ఉంటుంది. రెండేళ్ళుగా మాట బాగా తగ్గించేసింది. ఏదైనా అడిగితే ఒకటో రెండో మాటలు, అవీ పొంతన లేకుండా. "అన్నం తిన్నావా" అని అడిగితే "మొన్ననేగా వచ్చి వెళ్ళాడు" అనేది. మతిమరుపు మొదలైందని ఇంటిల్లిపాదీ అనేసుకున్నాం. నేను హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడల్లా ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, "అమ్మమ్మా, దివిసీమ ఉప్పెన గురించి చెప్పు" అని గట్టిగా అడిగేదాన్ని. "ఏవుందే చెప్పడానికి, అందరికీ వచ్చిందే మాకూ వచ్చింది" అని గోడవైపు తిరిగేది.

మొదటి కృతజ్ఞత గవర్నమెంటు ఆసుపత్రిలో చెవి పరీక్ష చేసిన మేడంకి. బయట అంత లైను ఉన్నా మాకోసం అరగంట కూర్చున్నారు. పరీక్ష అయ్యాక ఆవిడ చెప్పిన మాట నేను జన్మలో మర్చిపోను. "మీ అమ్మమ్మగారికి మతిమరుపని ఎవరు చెప్పారమ్మా? ఆవిడకి మీ మాట అందట్లేదు" అన్నారు. వయసుతో వచ్చే చెవుడులో ముందు సన్నటి శబ్దాలు పోతాయట. స, త, క లాంటి హల్లులు సరిగా చెవిన పడవు. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలీదు. మనం అరిస్తే అచ్చులే పెద్దగా వినిపిస్తాయి, పైగా కోప్పడుతున్నట్టు ఉంటుంది. అప్పుడు వెలిగింది నాకు. "అన్నం తిన్నావా" అంటే ఆమెకి "అన్న" అని వినిపించేది. వాళ్ళ అన్నయ్య మొన్న వచ్చి వెళ్ళాడనే చెప్పేది పాపం.

టీవీ కట్టేసి, వెలుతురులో ఎదురుగా కూర్చుని, అరవకుండా నిదానంగా మాట్లాడమన్నారు. 60 దాటి, ఆదాయం తక్కువున్నవాళ్ళకి రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద వినికిడి మిషన్లు ఉచితంగా ఇస్తారని కూడా ఆవిడే చెప్పారు. మేం కొనుక్కోగలిగాం. మీ ఇంట్లో అవసరం ఉంటే కనుక్కోండి.

మిషన్ పెట్టగానే అంతా బాగైపోలేదు. గిన్నెల చప్పుడు, కుక్కర్ విజిల్, అన్నీ ఒక్కసారిగా చెవిలో పడేసరికి అమ్మమ్మ తీసి పౌడరు డబ్బాలో దాచేసేది. మా అత్తయ్య రోజుకి గంట, తర్వాత రెండు గంటలు అని బతిమాలి అలవాటు చేసింది. వంట చేసేటప్పుడు గిన్నెలు చప్పుడు కాకుండా దించేది. అత్తయ్యా, ఆ నెల రోజులు నీ ఓపిక నేను చూశాను.

ఇక కింద పోర్షన్‌లో ఉండే రిటైర్డ్ టీచరుగారు. నేను ఫోన్ పట్టుకుని అమ్మమ్మ ముందు కూర్చోవడం చూసి నన్ను పక్కకి పిలిచారు. "అలా పోలీసు ఎంక్వయిరీలా అడిగితే ఎవరు చెప్తారు? చేతికి పనివ్వు. ఉప్పెన సంగతి ఎత్తకు. కాపరానికి వచ్చిన రోజు అత్తగారింట్లో ఏం కూర వండారో అడుగు. తేదీ తప్పు చెప్తే సరిదిద్దకు. మధ్యలో ఆగిపోతే నువ్వూ ఊరుకో, ఆవిడే మళ్ళీ మొదలుపెడుతుంది" అని చెప్పి, తనే రెండు కేజీల కొత్త చింతపండు పంపించారు, గింజలు తీయమని.

"చింతచిగురు, పచ్చిరొయ్యలు" అంది అమ్మమ్మ, తడుముకోకుండా.

అక్కడినుంచి ఆగలేదు. 1966 ఎండాకాలం. పుట్టిల్లు రేపల్లె వైపు. ఇప్పుడున్న పులిగడ్డ-పెనుమూడి వంతెన అప్పుడు లేదు, పెనుమూడిలో పడవెక్కి కృష్ణ దాటాలి. 17 ఏళ్ళ పిల్ల, పెళ్ళిచీర తడుస్తుందని ఒళ్ళో ముడుచుకుని కూర్చుందట. ఇవతలి ఒడ్డున చెయ్యిచ్చి దింపింది వాళ్ళ తోడికోడలు. ఆ కూర వండిందీ ఆవిడే. కాలవలో ఈత నేర్పింది, చవుడు నేలలో కూరపాదులు ఎలా నిలబెట్టాలో నేర్పింది. మా అమ్మమ్మ వేలిముద్ర వెయ్యదు, సంతకం పెడుతుంది. చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. ఎవరు నేర్పారని ఒక్కరోజు అడగలేదు. అయిదో తరగతి చదివిన ఆ తోడికోడలు రాత్రిళ్ళు బొగ్గుతో అరుగుమీద రాసి దిద్దించిందట.

ఇలాంటి తోడికోడలు ఒకరు ఉన్నారని మా ఇంట్లో నాకెవరూ చెప్పలేదు. మా అమ్మకి కూడా పేరు తప్ప ఏమీ తెలీదు.

నాలుగో ఆదివారం, నేను అడక్కుండానే ఉప్పెన దగ్గరికి వచ్చింది. 1977 నవంబర్ 19, శనివారం. కార్తీకమాసం, దీపావళి వెళ్ళి వారం దాటింది, చేలో వరి కోతకొచ్చి ఉంది. పొద్దుటినుంచీ గాలి. సాయంత్రానికి అందరూ పక్కవాళ్ళ డాబా మీదికి చేరారు. ఎనిమిది నెలల మా అమ్మ చంకలో ఉంది. తోడికోడలు మెట్లు దిగి వెనక్కి వెళ్ళింది, గేదెల పలుపులు విప్పడానికి. అంతే. సముద్రం ఊరిమీదికి వచ్చేసింది.

అమ్మమ్మ చెయ్యి ఆగింది. చాలాసేపు. టీచరుగారి మాట గుర్తొచ్చి నేను ఊరుకున్నాను. తర్వాత మళ్ళీ ఒక రెబ్బ తీసుకుని గింజ తీస్తూ అంది: "నేనే అన్నానే. అక్కా, గేదెలు కట్టేసే ఉన్నాయి అని నేనే అన్నాను."

ప్రభుత్వ లెక్కలోనే దాదాపు 10,000 మంది పోయారని చదువుకున్నాను. ఆ అంకె తప్ప నాకేం తెలుసు ఇన్నాళ్ళూ? ఆ ఒక్క మాట మోసుకుంటూ మా అమ్మమ్మ పిల్లల్ని పెంచింది, పెళ్ళిళ్ళు చేసింది, మాకు పండగలకి అరిసెలు వండింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని, "నువ్వు తెలిసి అన్నావా అమ్మమ్మా" అన్నాను. జవాబు చెప్పలేదు. ఆ రాత్రి మాత్రం నన్ను తన మంచం మీదే పడుకోమంది.

పోయిన నెల అమ్మమ్మని నాగాయలంక తీసుకెళ్ళాం. పూటంతా మాతో తిరిగి, వెయిటింగ్‌కి డబ్బులు తీసుకోని ఆటో తమ్ముడికి, వాళ్ళ పాత ఇంటి స్థలం గుర్తుపట్టి చూపించిన ఊరి పెద్దాయనకి నమస్కారాలు. అమ్మమ్మ అక్కడ కాసేపు నిలబడి, కాస్త పసుపు, కుంకుమ నేలమీద పెట్టింది.

చివరి కృతజ్ఞత నాది కాదు, అమ్మమ్మది. రాయమని మరీ మరీ చెప్పింది. నీళ్ళు తీశాక వీళ్ళని ఒక బడిలో ఉంచారట. అమ్మమ్మకి జ్వరం, పాలు లేవు. పసిదానికి ఏడ్చే ఓపిక కూడా పోయింది. పక్కన గోడకి ఆనుకుని కూర్చున్న ఒకావిడ ఏమీ అడక్కుండా పిల్లని తీసుకుని తన పాలు పట్టిందట. అలా నాలుగు రోజులు. ఆవిడ బిడ్డ ఏమైందో అడిగే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేదు. అయిదో రోజు ఎవరో బంధువులు వచ్చి తీసుకెళ్ళిపోయారు. ముంజేతిమీద తేలు పచ్చబొట్టు ఉండేదని, సముద్రం పక్క ఊళ్ళమనిషి అనుకుంటానని మాత్రమే అమ్మమ్మకి గుర్తు. పేరు అడగలేదు.

ఈ సంగతి మా అమ్మకి 48 ఏళ్ళు వచ్చాక తెలిసింది. విని లేచి వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి వచ్చి అమ్మమ్మ పక్కన కూర్చుని, మిగిలిన చింతపండు ముందుకి లాక్కుంది.

అమ్మా, మీరు ఎక్కడున్నా, ఆ పిల్ల బతికింది. నేను ఆవిడ కూతుర్ని.