పార్కిన్సన్స్ నడకకు తాళం ఊతం

సంపాదకులకు,

న్యూరాలజిస్టు ఆలివర్ శాక్స్ 1933లో లండన్‌లో పుట్టి, 1960ల్లో అమెరికా వెళ్లి న్యూయార్క్‌లో స్థిరపడ్డారు. పియానో వాయించేవారు. బ్రాంక్స్‌లోని బెత్ అబ్రహం ఆసుపత్రిలో పార్కిన్సన్స్ (కదలికలు మందగించే మెదడు జబ్బు) తరహాలో కొయ్యబారిన రోగులు పాట వినపడగానే కదలడం గమనించి రాశారు. 'సంగీతంతో జబ్బు నయం చేసిన డాక్టర్' అనడం మాత్రం అతి. పాట ఆగితే ఆ కదలికా ఆగేదని ఆయనే రాశారు.

అయినా అందులో మన వరంగల్ ఇళ్లకు పనికొచ్చేది ఉంది. పార్కిన్సన్స్ ఉన్నవారు మామూలుగా నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తున్నారో లెక్కపెట్టండి. 80 అయితే ఫోన్‌లో మెట్రోనోమ్‌ను (టిక్ టిక్‌మని సమంగా తాళం వేసే యాప్) 80కే పెట్టండి. ముందు కుర్చీలో కూర్చోబెట్టి కాలితో తాళం వేయించాలి, ఆ తర్వాతే నడక. కుదిరాక 84, 88కి పెంచొచ్చు. కాళ్లు నేలకు అతుక్కుపోయే లక్షణం ఉంటే పెంచకూడదు. చిన్న చిన్న అడుగులతో ముందుకు ఉరికి పడిపోతారు. పార్కిన్సన్స్‌కు వాడే లెవోడోపా మాత్ర పనిచేస్తున్న వేళలోనే, పక్కన ఒకరు ఉండగా చేయించాలి.

పాటైతే తాళం దెబ్బ స్పష్టంగా వినపడాలి. ఆలాపన పనికిరాదు. బతుకమ్మ పాట చప్పట్ల వరకు భేష్, చుట్టూ తిరగడం మాత్రం వద్దు: కాళ్లు పట్టేసేది ఎక్కువగా మలుపు దగ్గరే. జోరు పెరుగుతూ పోయే ఒగ్గు డోలుతో అసలే నడిపించకండి. ఫోన్ జేబులో ఉండాలి. చేతిలో ఉంటే చూపు దాని మీదకే పోతుంది.

– ఫిజియోథెరపిస్టులు, హన్మకొండ