ముందు ఆ నీటికోడి సంగతి రాయి

చిన్నీ,

పిల్లల కథలు రాయాలని ఉంది నాన్నా, కానీ కైకలూరు పక్క పల్లెలో పెరిగినదాన్ని, నాకేం తెలుసని రాస్తాను అన్నావు మొన్న. ఫోన్‌లో తొందరగా తేల్చేసే మాట కాదని ఉత్తరం రాస్తున్నాను.

బుజ్జిగాడికి పీటర్ రాబిట్ అనే కుందేలు కథ చదివి వినిపిస్తున్నావు కదా. అది రాసిన బియట్రిక్స్ పాటర్ 1866లో లండన్‌లో పుట్టింది. డబ్బున్న కుటుంబం. బడికి పంపలేదు, ఇంట్లోనే టీచర్లు వచ్చి చెప్పారు. ఆవిడకి అసలు చదువు వేసవుల్లో దొరికింది. ఐదేళ్ళ వయసు నుంచి దాదాపు పదేళ్ళపాటు ఏటా వేసవికి స్కాట్లాండ్‌లోని డాల్‌గైజ్ అనే చోటికి వెళ్ళేవాళ్ళు. అక్కడ తమ్ముడితో కలిసి అడవుల వెంట తిరగడం, దొరికిన ప్రాణినల్లా పట్టి బొమ్మ గీయడం. చచ్చిపోయిన జంతువులని ఉడకబెట్టి ఎముకలు విడదీసి మరీ చూసేవాళ్ళు! లండన్ ఇంట్లో పిల్లల గదినిండా కుందేళ్ళు, ఎలుకలు, కప్పలు, గబ్బిలాలు.

పెద్దయ్యాక పుట్టగొడుగుల మీద పడింది. వాటి బీజాలు మొలకెత్తే తీరు గురించి ఆవిడ రాసిన వ్యాసాన్ని 1897లో లండన్‌లోని లిన్నియన్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘంలో సమర్పించారు. ఆడవాళ్ళకి ఆ సమావేశాల్లోకి ప్రవేశం లేదు కాబట్టి వేరొకాయన తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఇది చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ఇంత చూసిన మనిషి కాబట్టే ఆ కుందేలు అలా కుదిరింది. ఈసారి చదివేటప్పుడు గమనించు. పీటర్‌కి కోటూ బూట్లూ తొడిగింది. కానీ ప్రాణం మీదికి వచ్చి పరిగెత్తేటప్పుడు బూట్లు ఊడిపోతాయి, అప్పుడు నాలుగు కాళ్ళ మీద ఇంకా వేగంగా పరిగెడతాడు. కుందేళ్ళని పెంచి, వాటి పక్కన గంటలకొద్దీ కూర్చున్నవాళ్ళకే ఆ వాక్యం తడుతుంది.

నీకూ అలాంటివి ఉన్నాయి తల్లీ. గుర్రపుడెక్క మీద నీటికోడి పిల్లల్ని వెంటేసుకుని నడుస్తుంటే గట్టు మీద కదలకుండా కూర్చునేదానివి. గూడబాతు పిల్ల తల్లి గొంతుసంచిలో తల దూర్చి చేప తింటుంటే, ఊపిరెలా ఆడుతుంది నాన్నా అని అడిగావు. నాకు జవాబు తెలియలేదు. ఆ ప్రశ్నే ఒక కథ. 'అనగనగా ఒక పక్షి' అని మాత్రం మొదలుపెట్టకు. ఏ పక్షి, ఏ నెల, నీళ్ళు ఎంత లోతున్నాయి, అన్నీ నీకు తెలుసు. తెలిసిందంతా ధైర్యంగా పెట్టు.

పిల్లలకని చేదు దాచనూ వద్దు. పీటర్ వాళ్ళ నాన్నని తోట యజమాని మెక్‌గ్రెగర్ భార్య వండేసిందని పాటర్ కథ మొదట్లోనే చెప్పేసింది. మన కొల్లేరుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్ జాబితాలో చేరింది. అయినా నువ్వు చూసిన నీళ్ళలో ఎంత భాగం చేపల చెరువుల గట్ల మధ్యకి పోయిందో నీకు తెలుసు. నీ నీటికోడి ఆ గట్టు దాటాల్సి వస్తే దాటనీ.

డబ్బు సంగతి, అచ్చు సంగతి ఇప్పుడే టెన్షన్ పడకు. పీటర్ కథని చాలామంది ప్రచురణకర్తలు వద్దన్నారు. 1901లో సొంత డబ్బుతో 250 కాపీలు వేసుకుంది. మరుసటి ఏడు ఒక సంస్థ అచ్చువేస్తే జనం ఎగబడి కొన్నారు. 1905లో ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో హిల్ టాప్ అనే పొలం కొనుక్కుంది, పుస్తకాల మీద వచ్చిన డబ్బు అందుకు అక్కరకొచ్చింది. అలా కొంటూ పోయి, 1943లో చనిపోయేనాటికి 4,000 ఎకరాలకి పైగా, అలాంటి నేలల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి రాసిచ్చింది. కథలిచ్చిన నేలని ఆ కథల డబ్బు కూడా కాపాడింది కదా అనుకుంటే నాకు ఎంత సంతోషమో.

అసలు ఆ కథ పుస్తకంగా పుట్టలేదు. 1893 సెప్టెంబరులో, తన పాత టీచరమ్మ కొడుకు ఐదేళ్ళ నోయెల్ జబ్బుపడి మంచంలో ఉంటే, వాడికి బొమ్మలు గీసి రాసిన ఉత్తరం అది.

నువ్వూ అలాగే చెయ్యి. ల్యాప్‌టాప్ పక్కన పెట్టి, కాగితం మీద బుజ్జిగాడికి ఉత్తరంలా రాయి. బొమ్మలు రావని వదిలెయ్యకు, వచ్చినట్టు గియ్యి. సంక్రాంతికి వస్తే గూడబాతులు గూళ్ళు పెట్టే ఆటపాక వెళ్దాం, గూళ్ళలో పిల్లలుంటాయి. ఈలోగా మొదటి కథ చదివి వినిపించి, వాడు ఎక్కడ ఆపి ప్రశ్న అడిగాడో నాకు ఫోన్ చేసి చెప్పు.

ప్రేమతో,
నాన్న