క్రిల్ నూనె సీసా మీద అసలు అంకె ఏది?

సంపాదకులకు నమస్కారం.

రొయ్యలాంటి చిన్న సముద్రజీవి క్రిల్ నుంచి తీసే నూనె క్యాప్సూళ్ల సీసా చేతిలోకి తీసుకోగానే '1000 మి.గ్రా.' అన్న అంకె పెద్ద అక్షరాల్లో కనబడుతుంది. అది నూనె బరువు. జనం కొనేది నూనె బరువు చూసి కాదు, అందులోని ఈపీఏ, డీహెచ్‌ఏ అనే రెండు ఒమేగా-3 కొవ్వు ఆమ్లాల కోసం. అవి ఎంతెంత ఉన్నాయో తెలియాలంటే సీసా తిప్పి, వెనక సన్నటి అక్షరాల్లో వెతుక్కోవాలి. అక్కడా 'ఒక మోతాదుకి' అని ఉంటుంది. మోతాదంటే రెండు క్యాప్సూళ్లని ఇంకో మూలన రాసి ఉంటుంది. ఒక్క క్యాప్సూల్‌లో ఈ రెండూ కలిపి ఎంత ఉన్నాయో సీసా ముందువైపే అచ్చువేయాలన్న నిబంధన కావాలి. ఈ లేఖ రాయడం అందుకే.

మామూలు రకం 500 మి.గ్రా. క్రిల్ క్యాప్సూల్‌లో ఈపీఏ సుమారు 60, డీహెచ్‌ఏ సుమారు 30 మి.గ్రా. ఉంటాయి. కలిపితే 90. సాదా చేప నూనె 1000 మి.గ్రా. క్యాప్సూల్‌లో 180, 120 కలిసి 300. గుండె సవ్యంగా పనిచేయడానికి రోజుకి 250 మి.గ్రా. తోడ్పడుతుందని యూరప్ ఆహార భద్రతా సంస్థ ఒప్పుకుంది. ఆ లెక్కన చేప నూనె క్యాప్సూల్ ఒకటి చాలు, క్రిల్‌వైతే మూడు మింగాలి. మరి ప్రకటనల్లో మాత్రం 'రోజుకొక్క చిన్న క్యాప్సూల్' అంటారు.

దీనికి అమ్మేవాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. క్రిల్‌లో ఒమేగా-3 చాలావరకు ఫాస్ఫోలిపిడ్ (ఫాస్ఫరస్ కలిసిన ఒక రకం కొవ్వు) రూపంలో ఉంటుంది కాబట్టి ఒంటికి బాగా పడుతుందని, తక్కువైనా సరిపోతుందని అంటారు. ఇది పూర్తిగా గాలిమాటేమీ కాదు. 2011లో అచ్చయిన ఒక పరిశోధనలో ఏడు వారాల పాటు కొందరికి రోజుకి 3 గ్రాముల క్రిల్ నూనె, మరికొందరికి 1.8 గ్రాముల చేప నూనె ఇచ్చారు. మొదటిదాంట్లో ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపి 543 మి.గ్రా., రెండోదాంట్లో 864. రెండు గుంపుల వాళ్ల రక్తంలోనూ ఇవి ఇంచుమించు ఒకేలా పెరిగాయి. అంటే క్రిల్‌కి దాదాపు 1.6 రెట్ల మొగ్గు ఇవ్వొచ్చు. సరే, ఇద్దాం. 90ని 1.6తో గుణిస్తే 144. చేప నూనె క్యాప్సూల్‌లోని 300లో సగం కూడా కాలేదు. నూనె గ్రాముకి గ్రాము పోలిస్తే రెండూ దాదాపు సమానమవుతాయి, అంతకుమించి ఏమీ లేదు. పైగా క్రిల్ నూనెలో విడి కొవ్వు ఆమ్లాలు కూడా గట్టిగానే ఉంటాయి, అవీ తేలిగ్గా ఇంకుతాయి. ఘనతంతా ఫాస్ఫోలిపిడ్‌కే కట్టబెట్టడం తొందరపాటు.

ఇక మోకాళ్ల నొప్పికి మంచిదన్న మాట. మోకాలి కీలు అరిగి నొప్పితో బాధపడుతున్న 262 మందికి 24 వారాల పాటు రోజుకి 2 గ్రాముల క్రిల్ నూనె, లేదంటే ఉత్తుత్తి క్యాప్సూల్ ఇచ్చి చూసిన ఫలితాలు 2024లో వచ్చాయి. నొప్పి తగ్గడంలో తేడా కనబడలేదు. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) విపరీతంగా ఉన్న 520 మంది మీద జరిగిన పరీక్షల్లో, క్రిల్ నుంచి తీసిన మందును రోజుకి 4 గ్రాములు తీసుకున్నవాళ్లకి 12 వారాలకి 26 శాతం తగ్గాయి. ఉత్తుత్తి క్యాప్సూల్ మింగినవాళ్లకీ 15 శాతం తగ్గాయి! ఆ 4 గ్రాములు డాక్టర్ పర్యవేక్షణలో ఇచ్చే మందు మోతాదు. సీసా మీది ఒకటి రెండు క్యాప్సూళ్లకి ఆ ఫలితాన్ని అంటగట్టకూడదు. అంతంత మోతాదుల్లో ఒమేగా-3 ఇచ్చిన పెద్ద పరీక్షల్లో గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కొంత ఎక్కువగా కనబడిందని కూడా గుర్తుంచుకోవాలి.

నాణ్యత సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. చేప నూనె చెడిందో లేదో చూడటానికి పెరాక్సైడ్ విలువ, అనిసిడిన్ విలువ అని రెండు పరీక్షలు చేస్తారు. పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న హద్దులు మొదటిదానికి 5, రెండోదానికి 20. క్రిల్ నూనె దగ్గరికొచ్చేసరికి ఈ కొలబద్దలు తడబడతాయి. అనిసిడిన్ పరీక్ష కాంతిని నూనె ఎంత పీల్చుకుంటుందో చూసి లెక్కిస్తుంది. ఆస్టాజాంతిన్ అనే సహజ రంగు పదార్థం వల్ల క్రిల్ నూనె ముందే చిక్కటి ఎరుపు, కాబట్టి ఆ రంగే లెక్కను చెడగొడుతుంది. పెరాక్సైడ్ విలువదీ అదే తంతు. నూనె చెడుతున్నప్పుడు పుట్టే పదార్థాలు ఫాస్ఫోలిపిడ్లలోని అమైన్ (నైట్రోజన్ ఉండే) భాగాలతో కలిసి వేరే రూపంలోకి మారిపోతాయి. నూనె చెడినా అంకె తక్కువగానే ఉండొచ్చు. 'పెరాక్సైడ్ 5 లోపే' అన్న ధ్రువపత్రం చేప నూనెకి ఇచ్చే భరోసా క్రిల్ నూనెకి ఇవ్వదు.

కొన్నవాళ్లు ఇంట్లో చేసుకోగలిగిన పరీక్ష ఒకటుంది. ఒక క్యాప్సూల్‌ని బ్లేడుతో కోసి తెల్లటి పళ్లెంలో పిండండి. చిక్కగా, ముదురు ఎరుపులో, రొయ్యల నీచు వాసనతో ఉంటే అది దాని సహజ గుణమే. గోధుమ రంగుకి తిరిగి, పాత పెయింటు డబ్బా మూత తీసినట్టు ఘాటుగా కొడితే పారేయండి. క్యాప్సూళ్లు ఒకదానికొకటి అతుక్కున్నా, మీద జిడ్డు ఊరినా అనుమానించాల్సిందే. ఈ నూనె తేమను లాక్కుంటుంది. జెలటిన్ తొడుగులోని తడిని పీల్చుకుంటే తొడుగు పెళుసుబారి, చిట్లి కారుతుంది. మూత బిగించి, చల్లటి చీకటి చోట ఉంచండి. లోపలి తేమ పీల్చే చిన్న సంచిని తీసి పడేయకండి.

క్రిల్ చేప కాదు, రొయ్య జాతికి దగ్గరి బంధువు. రొయ్యలు, పీతలు పడనివాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. 'సముద్రపు ఒమేగా-3' అని మాత్రమే రాసిన సీసాలో ఈ ముక్క మరుగున పడిపోతోంది. రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ లాంటి మందులు వాడేవాళ్లు, ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లు దీని సంగతి డాక్టర్‌కి చెప్పి తీరాలి.

సముద్రం మాటా ఒకటుంది. అంటార్కిటికా చుట్టూ పట్టే క్రిల్‌లో ఎక్కువ భాగం పెంపకపు చేపల మేతకే పోతుంది, నూనెకి పోయేది తక్కువే. వేట ఎక్కువగా జరిగే దక్షిణ అట్లాంటిక్ వైపు ఏడాదికి 6,20,000 టన్నులని గీత ఉంది. ఆ మొత్తాన్ని ఉపప్రాంతాల వారీగా పంచే నిబంధన గడువు 2024లో తీరిపోయింది, దేశాల మధ్య పొడిగింపుకి ఒప్పందం కుదరలేదు. 2025లో తొలిసారి ఆ గీత దాకా పట్టేశారు. నవంబరు దాకా సాగాల్సిన వేటను ఆగస్టులోనే ఆపేయాల్సివచ్చింది. తిమింగలాలూ పెంగ్విన్లూ తినేది కూడా అక్కడే, ఆ క్రిల్‌నే.

నిజానికి ఈపీఏ, డీహెచ్‌ఏలను చేపలూ క్రిల్ పెద్దగా తయారుచేయవు. అవి ప్రధానంగా సూక్ష్మ శైవలాల (కంటికి కనబడనంత చిన్న నాచు) నుంచి ఆహారపు గొలుసులో పైకి వచ్చేవే. ఆ శైవలాల నుంచే నేరుగా తీసిన నూనె క్యాప్సూళ్లు కూడా దొరుకుతున్నాయి. రొయ్యలు పడనివాళ్లకి, మాంసాహారం ముట్టనివాళ్లకి అదొక దారి. అయితే కొన్నింట్లో డీహెచ్‌ఏ మాత్రమే ఉంటుంది, ఈపీఏ ఉండదు. క్యాప్సూల్ తొడుగు జెలటిన్‌దా, మొక్కల నుంచి వచ్చిందా అన్నదీ చూసుకోవాలి. ఆ సీసా కూడా వెనక్కి తిప్పే చదవాల్సివస్తోంది.

ఇట్లు,
ఒక పాఠకుడు