జిమ్ క్రైటన్ మణికట్టు సంగతి

సంపాదకులకు,

అమెరికా బేస్‌బాల్ తొలినాళ్ల పిచర్ (బ్యాటర్‌కు బంతి వేసే ఆటగాడు) జిమ్ క్రైటన్ ప్రస్తావన ఎక్కడ వచ్చినా, హోమ్‌రన్ (ఒకే దెబ్బతో బేస్‌లన్నీ చుట్టి పరుగు చేయడం) కొట్టి ఆ ఊపుకే ప్రాణం పోగొట్టుకున్న కుర్రాడిగానే రాస్తున్నారు. అతని ఆట సంగతి ఎవరికీ పట్టడం లేదు. అది మాకు బాధ.

1860లో బ్రూక్లిన్ ఎక్సెల్సియర్ క్లబ్‌కు ఆడేనాటికి అతనికి 19 ఏళ్లు. ఆటకు డబ్బు తీసుకోవడం అప్పట్లో నిషేధం. క్లబ్ చాటుగా ఇచ్చేదని, అందుకే అతను తొలి ప్రొఫెషనల్ అని చరిత్రకారులు చెబుతారు.

ఆనాటి పిచర్ బంతిని చెయ్యి కింది నుంచే వెయ్యాలి. మోచెయ్యి వంచి విసరకూడదు, చేతిని ఒంటికి తగిలించి కుదుపు ఇవ్వకూడదు. దూరం 45 అడుగులే, అంటే క్రికెట్ పిచ్‌లో సుమారు మూడింట రెండు వంతులు. బ్యాటర్ కొట్టడానికి వీలుగా బంతి అందించడమే పిచర్ పని అనుకునేవారు. క్రైటన్ ఆ నిబంధనలోనే సందు పట్టాడు. మోచెయ్యి బిగించి చేతిని నిలువుగా ఊపి, వదిలే క్షణంలో మణికట్టు విదిలించేవాడు. మన స్పిన్నర్లకు ఇది వెంటనే అర్థమవుతుంది: మోచెయ్యి మీద ఆంక్ష ఉన్నా మణికట్టు స్వేచ్ఛగానే ఉంటుంది. ఆ విదిలింపుతో వేగంతోపాటు తిరుగుడూ వచ్చేది. నేలకు దగ్గరగా వదిలిన బంతి బ్యాట్ దగ్గరికొచ్చేసరికి పైకి లేచేది. ఆ వేగానికి అలవాటుపడ్డ బ్యాటర్‌కు ఉన్నట్టుండి నెమ్మది బంతి వేస్తే, అతను ముందే బ్యాట్ ఊపేసేవాడు. ఇది కుదుపేనని ప్రత్యర్థులు గొడవ చేశారు. 1860 నవంబర్ 8న సెయింట్ జార్జ్ క్రికెట్ క్లబ్ జట్టుపై ఎక్సెల్సియర్ 25–0తో గెలిచింది. రెండు జట్లూ ఇరవై, ముప్ఫై పరుగులు చేయడం మామూలైన రోజుల్లో ఆ సున్నా ఎంత పెద్ద మాటో ఆలోచించండి.

1862 అక్టోబర్ 14న మోరిసేనియా యూనియన్ క్లబ్‌తో ఆడాక కడుపులో నొప్పి మొదలైంది. 18న చనిపోయాడు, 21 ఏళ్లకే. హెర్నియా (కడుపు గోడలోని బలహీన చోటు నుంచి పేగు బయటికి పొడుచుకురావడం) వల్లేనని భావిస్తారు. అందులో చిక్కుకున్న పేగుకు రక్తం అందకపోతే శస్త్రచికిత్స ఒక్కటే దారి. శస్త్రచికిత్స గాయానికి క్రిములు సోకకుండా కాపాడే, బ్రిటిష్ వైద్యుడు లిస్టర్ క్రిమినాశక పద్ధతి అప్పటికి రాలేదు. అది ప్రకటితమైంది 1867లో. ఆ హోమ్‌రన్ మాత్రం ఆనాటి మ్యాచ్ వివరాలు వెతికిన పరిశోధకులు ఒప్పుకోని కథ.

అతనికి తప్పుగా పట్టిన మణికట్టు విదిలింపును 1872లో నిబంధనలే అనుమతించాయి. ఇకపై క్రైటన్ గురించి అచ్చువేస్తే ఆ సంవత్సరాన్నీ చేర్చాలని కోరుతున్నాం.

— బేస్‌బాల్ శిక్షకులు, హైదరాబాద్