శుభలేఖలు అచ్చేసే ఫ్రేముతోనే ఆ పోస్టర్లూ వేశారు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో చికానో (మెక్సికన్ మూలాల అమెరికన్లు), లాటినో (లాటిన్ అమెరికా మూలాల వాళ్లు) కళాకారుల స్క్రీన్ ప్రింట్ల ప్రదర్శన గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. నేను చిత్తూరులో చాలా ఏళ్లుగా స్క్రీన్ ప్రింటింగ్ చేస్తున్నాను. శుభలేఖలు, గుడ్డ సంచులు, మామిడి పండ్ల అట్టపెట్టెలు, ఎన్నికలొస్తే కండువాలు, ఇదీ నా పని. మా పనిని కళ అంటూ పేపర్లో రాయగా చూడటం ఇదే మొదలు. చాలా సంతోషమేసింది.

ఆ బొమ్మల వెనక ఉన్న పోరాటాల గురించి వ్యాసంలో బాగా రాశారు. అవి ఎలా అచ్చయ్యాయో మాత్రం చెప్పలేదు. నన్నడిగితే ముఖ్యమైన సంగతి అదే. చెక్క ఫ్రేముకి బిగించిన మెష్ గుడ్డ, బొమ్మ చోటు వదిలి మిగతా గుడ్డను మూసేసే ఎమల్షన్ అనే పూత, ఇంకును గుడ్డ మీద లాగే రబ్బరు పట్టీ (స్క్వీజీ), ఇంకు ఉంటే చాలు. పెద్ద మిషన్ అక్కర్లేదు, ఒక గది చాలు. 1965లో కాలిఫోర్నియాలోని డెలానోలో ద్రాక్షతోటల కూలీలు సమ్మెకు దిగారు. మొదలుపెట్టింది ఫిలిప్పినో కూలీలు. వారం దాటగానే సీజర్ చావెజ్, డొలొరెస్ హ్యుర్టాల సంఘంలోని మెక్సికన్ మూలాల కూలీలు వాళ్లతో కలిశారు. తోటల యజమానులు 1970లో ఒప్పందాలకు వచ్చేదాకా పోరాటం ఆగలేదు. ఆ ద్రాక్ష కొనొద్దని దేశమంతటికీ చెప్పాలి, చేతిలో డబ్బు లేదు, రేపటి ఊరేగింపుకి పోస్టర్ ఈ రాత్రికే కావాలి. అలాంటప్పుడు అక్కరకొచ్చేది స్క్రీనే.

ఎస్టర్ హెర్నాండెజ్ 1982లో వేసిన ‘సన్ మ్యాడ్’ ప్రింటును వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియం వెబ్‌సైట్‌లో పెద్దది చేసి చూశాను. సన్ మెయిడ్ అనే అమెరికన్ కంపెనీ ఎండుద్రాక్ష పెట్టె మీద ఎర్ర టోపీతో, ద్రాక్ష బుట్టతో నవ్వే అమ్మాయి ఉంటుంది కదా, ఆమె స్థానంలో ఇక్కడ అస్థిపంజరం. అదే టోపీ, అదే బుట్ట, వెనక అదే పసుపుపచ్చని సూర్యుడు. కింద పురుగుమందుల, కలుపుమందుల రకాలు వరసగా రాసి ఉంటాయి. హెర్నాండెజ్ కూలీల ఇంటి పిల్ల. సొంత ఊళ్లో నీళ్లలో పురుగుమందులు కలిశాయని తెలిశాక వేసిన బొమ్మ అది. ఇలాంటి బొమ్మలో రంగురంగుకీ విడిగా స్క్రీన్ కట్టాలి. ఒకటి ఆరాక ఇంకొకటి. రిజిస్ట్రేషన్, అంటే ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చోవడం, వెంట్రుకవాసి జరిగినా టోపీ అంచున తెల్ల గీత తేలుతుంది. అక్కడ ఎంత వెతికినా నాకు ఆ గీత కనబడలేదు. కోపంతో వేసిన బొమ్మ కూడా అంత ఓపికగా అచ్చయింది.

లాస్ ఏంజెలెస్ తూర్పు ప్రాంతంలో కరెన్ బొకలేరో అనే క్రైస్తవ సన్యాసిని 1970లో మరికొందరు కళాకారులతో కలిసి ఒక గ్యారేజీలో మొదలుపెట్టిన ప్రింట్ల పని తర్వాత సెల్ఫ్ హెల్ప్ గ్రాఫిక్స్ అనే సంస్థ అయింది. ఆమె స్వయంగా ప్రింట్లు వేసేది. వాళ్లు ఒక వ్యాన్‌ను స్టూడియోలా తయారుచేసి స్కూళ్లకు, వాడలకు తీసుకెళ్లి పిల్లలకు పని నేర్పారు.

ఇక మన సంగతి. శ్రీకాళహస్తి కలంకారీకి తిరుపతిలో ప్రదర్శనలు పెడతారు, పెట్టాల్సిందే. స్క్రీన్ ప్రింట్ అనగానే మాత్రం ప్రెస్సు పని అని పక్కన పెట్టేస్తారు. తోతాపురి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి, కాయ ట్రాలీల్లోనే మగ్గిపోతున్నప్పుడు రోడ్డు మీద నేను చూసినవన్నీ ఫ్లెక్సీలే. నాయకుల ముఖాలు నిలువెత్తున, రైతు మాట అడుగున చిన్న అక్షరాల్లో. ఒక్క మామిడికాయ బొమ్మ గీసి ఆ బాధ చెప్పగల పిల్లలు మన కాలేజీల్లో లేరా? ఉన్నారు. వాళ్లకు స్క్రీన్ పట్టుకోవడం ఎవరూ చూపించలేదు, అంతే.

మీ పత్రిక ద్వారా తిరుపతి, చిత్తూరు కాలేజీల వాళ్లకు ఒక విన్నపం. ఆ చికానో ప్రింట్ల గురించి పిల్లలకు ఒక పూట చెప్పించండి, తర్వాత వాళ్లచేత మన జిల్లా సంగతుల మీద పోస్టర్లు వేయించి ప్రదర్శన పెట్టండి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి మా షాపులో ఫ్రేములు, టేబులు, ఆరబెట్టే ర్యాకు ఖాళీగానే ఉంటాయి. మామిడి సీజనూ అప్పుడే. పిల్లల్ని పంపితే దగ్గరుండి నేర్పుతాను. ఇంకు ఖర్చు నాది, కాగితం వాళ్లు తెచ్చుకుంటే చాలు.

ఇట్లు,
ఒక స్క్రీన్ ప్రింటర్,
చిత్తూరు.