రెండు వీణలుండగా మూడోది

విజయనగరం

అమ్మలూ,

కొంటానని నువ్వు పంపిన తంజావూరు వీణ ఫొటో మళ్లీ చూశాను. సింహంలాంటి ఆ యాళి ముఖం చెక్కిన తీరు చాలా బాగుంది. ఫోన్‌లో "నీకెందుకే ఇంకొకటి" అని విసురుగా అనేశాను. నువ్వు చిన్నబుచ్చుకున్నావని నీ గొంతులోనే తెలిసింది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

వేణువు వాయించేవాళ్లకి శ్రుతికో వేణువు ఉండాలి, లేకపోతే కచేరీ నడవదు. మృదంగం వాళ్లూ తగ్గు శ్రుతికొకటి, హెచ్చు శ్రుతికొకటి మోసుకెళ్తారు. వాళ్లు కొంటే అది అవసరం. మనకి తీగలు బిగించే బిరడాలు తిప్పితే అదే వీణ కాస్త పైకీ వస్తుంది, కిందికీ దిగుతుంది. నీకు ఇంట్లో బొబ్బిలి వీణ ఉంది, ప్రయాణాలకని ఫోల్డింగ్ వీణ కొన్నావు. ఇక మూడోది దేనికి పనికొస్తుందో నాకు తోచలేదు.

నా సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. 1999లో నేనూ ఇలాగే రెండో వీణ కొన్నాను. అప్పట్లో తోడి రాగం సాధన మీద కూర్చున్నాను. అందులో గాంధార స్వరం, తీగ ఎంత లాగినా పలికేది కాదు. పాత వీణలో నాదం తగ్గిందని మీ నాన్నతో అన్నాను, నేనూ నమ్మాను. కొత్తది వచ్చాక నెల్లాళ్లు ఎంత హుషారుగా ఉందో! తర్వాత మళ్లీ అదే తోడి, అదే గాంధారం, అదే తడబాటు. వీణ మారింది గానీ మీటే వేళ్లు నావే కదా.

పాతదాన్ని గుడ్డ చుట్టి అటకెక్కించాను. రెండు వేసవులు దాని మొహం చూడలేదు. దించి చూస్తే పైన రేకుల వేడికి, మెట్లని పట్టి ఉంచే మైనం మెత్తబడి అవి పక్కకి ఒరిగిపోయాయి. మొదటి తీగ, సారణి, తుప్పు పట్టింది. మా నాన్న నాకు పదేళ్లప్పుడు కొన్న వీణ అది. ఒక్క పనస దుంగని తొలిచి చేసిన ఏకాండ వీణ. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఎంతసేపు ఏడ్చానో.

బొబ్బిలి పక్కన, వీణలు చేసే గొల్లపల్లి నుంచి ఒక పెద్దాయన వచ్చి, మెట్లన్నీ మళ్లీ అమర్చి మేళం కట్టారు. పాత మైనమంతా గీకేసి, కొత్త నల్ల మైనం కరిగించి దండి మీద రెండు వరసలు పోశారు. ఆ తర్వాత 24 మెట్లూ ఒక్కొక్కటే. తీగ మీటడం, చెవి ఒగ్గి వినడం, మెట్టుని వెంట్రుకవాసి జరపడం, మళ్లీ మీటడం. పొద్దున్న మొదలుపెడితే సాయంత్రం దాకా పట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. పక్కన కూర్చున్న నాకే తల ఎత్తబుద్ధి కాలేదు. కొత్త వీణని ఆ నెలలోనే శిష్యురాలికి ఇచ్చేశాను. తోడి ఆ పాత వీణ మీదే వచ్చింది, ఇంకో ఏడాదిన్నరకి.

డబ్బు నీది, సంపాదించుకుంటున్నావు, వద్దనను. నలుగురు పిల్లలకి పాఠం చెప్తానంటే మూడేం ఖర్మ, అయిదు కొను, నేనే వచ్చి ఏరి పెడతాను. కానీ ఈ వీణ మీద మనసు ఎప్పుడు పోయిందో ఒకసారి గుర్తు చేసుకో తల్లీ. వర్ణం రెండో కాలం, ఆ రెట్టింపు వేగం, పట్టు చిక్కడం లేదని నువ్వు ఫోన్‌లో బాధపడింది ఆ వారమే.

పండక్కి వచ్చేటప్పుడు ఆ ఫోల్డింగ్ వీణ తీసుకురా. వీధి చివరింటి పిల్ల నా దగ్గర తొలి పాఠాలు, సరళీ స్వరాలు, దాటింది. పాఠం అయ్యాక ఇంటికెళ్తే సాధనకి వాళ్లింట్లో వీణ లేదు. నీకిష్టమైతే కొన్నాళ్లు ఆ పిల్ల దగ్గర ఉంచుదాం. నువ్వొచ్చినప్పుడు నా వీణ వాయించుకోవచ్చు.

నీ బొబ్బిలి వీణకి సారణి మార్చి ఎన్నాళ్లయింది? గుడ్డ తీసి చూసి రాయి. మంచి తీగలు ఇక్కడ దొరుకుతున్నాయి, ఒక చుట్ట పోస్టులో పంపిస్తాను.

అమ్మ